హిజ్లీ: చెరసాల నుంచి విజ్ఞాన మందిరం దాకా

మీరెప్పుడైనా విశాఖపట్నం నుంచి హౌరాకు రైల్లో వెళ్ళారా? బాలేశ్వర్ దాటి రైలు బెంగాలు గడ్డ మీదికి ప్రవేశించాక, వరిపొలాల నడుమ అక్కడక్కడా ఎర్రమట్టి దిబ్బలు కనబడటం మొదలవుతుంది. మరికొంతసేపటికి హిజ్లీ అనే స్టేషను వస్తుంది. చాలామంది ప్రయాణికులు దాని పేరు చదవరు. సామాన్లు సర్దుకుంటూ ఉంటారు. ఎందుకంటే ఆ వెంటనే వచ్చేది ఖరగ్‌పూర్. అక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచినా ఈ కొస నుంచి ఆ కొసకు చేరడానికి దాదాపు 13 నిమిషాలు పడుతుంది. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారంగా దశాబ్దాల పాటు దీన్నే చెప్పుకునేవారు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ పేరును దాటిపోయాయి.

ఖరగ్‌పూర్ అనగానే మనకు ఈ ప్లాట్‌ఫారం గుర్తొస్తుంది. లేదా పిల్లల్ని ఐఐటీలో చదివించాలనుకునే తల్లిదండ్రులకు అక్కడి ఐఐటీ గుర్తొస్తుంది. కాని ఆ ఐఐటీ ఆవరణలో, స్టేషనుకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, ఒక పాత భవనం ఉంది. మధ్యలో ఎత్తయిన బురుజు, రెండు వైపులా చాచిన చేతుల్లా పొడవాటి వరండాలు. దాన్ని ఒక పని కోసం కడితే మరో మూడు పనులకు వాడారు. ఒకప్పుడు అందులో మనుషుల్ని బంధించారు. తరవాత అక్కడినుంచే యుద్ధం నడిపారు. చివరికి అక్కడే మన దేశపు మొదటి ఐఐటీ తరగతులు మొదలయ్యాయి. ఒకే కట్టడం ఇన్ని అవతారాలు ఎలా ఎత్తింది? ఆ గోడల కథ తెలుసుకుందాం.

ఎర్రనేల మీద వెలిసిన రైలు ఊరు

ముందు ఆ ఊరి సంగతి చూద్దాం. బెంగాలు అంటే నదులు, వరదలు, మెత్తటి ఒండ్రునేల. ఖరగ్‌పూర్ ప్రాంతం అలా ఉండదు. అది లాటరైట్ నేల. వేల సంవత్సరాలుగా వేడి, భారీ వర్షాలు కలిసి పనిచేస్తే మట్టిలోని సిలికా వంటి పదార్థాలు నీటిలో కరిగి కొట్టుకుపోతాయి. ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు మాత్రం మిగిలిపోతాయి. తుప్పుకు ఏ కారణంతో ఆ రంగు వస్తుందో ఈ నేలకూ అదే కారణంతో వస్తుంది. లోపల తడిగా ఉన్నప్పుడు దీన్ని దిమ్మెలుగా కోయవచ్చు. గాలి తగిలి ఆరాక గట్టిపడుతుంది. కేరళ ప్రాంతంలో దీన్ని గమనించిన ఫ్రాన్సిస్ బుకానన్, 1807లో, లాటిన్‌లో ఇటుక అనే అర్థం వచ్చే మాట నుంచి దీనికి 'లాటరైట్' అని పేరు పెట్టాడు.

పంటకు ఇది అంత మంచి నేల కాదు. కాని వరద ముంపు లేని ఈ గట్టినేల రైలుకట్టకు, పెద్ద పెద్ద షెడ్లకు చక్కగా సరిపోతుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, అంటే మన పెద్దలు 'బీఎన్నార్' అని పిలిచే కంపెనీ, 19వ శతాబ్దం చివరి సంవత్సరాల్లో ఖరగ్‌పూర్‌ను కూడలిగా ఎంచుకుంది. కోలాఘాట్ వద్ద రూప్‌నారాయణ్ నదిపై వంతెన పూర్తయి 1900లో హౌరాకు దారి ఏర్పడింది. ఇటు దక్షిణాన కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న తూర్పుతీర రైలుమార్గం 1902లో బీఎన్నార్ చేతికి వచ్చింది. 1904లో ఖరగ్‌పూర్‌లో పెద్ద రైల్వే వర్క్‌షాపు ఏర్పాటయింది.

ఇక్కడే మనవాళ్ళ కథ కూడా మొదలవుతుంది. ఒకే కంపెనీ పట్టాలు వాల్తేరును, ఖరగ్‌పూర్‌ను కలిపేసరికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎందరో పనికోసం ఈ ఊరికి తరలివచ్చారు. ఫిట్టర్లుగా, ఫైర్‌మన్‌లుగా, గ్యాంగ్‌మన్‌లుగా, గుమాస్తాలుగా చేరారు. పనికి వచ్చినవాళ్ళు అక్కడే స్థిరపడ్డారు. ఈనాటికీ గోల్‌బజార్‌లో నడుస్తుంటే బెంగాలీ, హిందీ, ఒడియాలతో పాటు తెలుగు మాటలూ చెవిన పడతాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ప్రధాన కారణం ఈ ఖరగ్‌పూర్ తెలుగువారే.

ఈ ఊరి కార్మికులు సమ్మెలకూ పెట్టింది పేరు. 1927లో ఉద్యోగాల తగ్గింపుకు వ్యతిరేకంగా వర్క్‌షాపు కార్మికులు పెద్ద సమ్మె చేశారు. ఆ ఉద్యమ నాయకుల్లో ఒకరు మన వి.వి.గిరి గారు. అప్పటి మద్రాసు రాజధానిలో భాగమైన బరంపురంలో పుట్టిన ఆయన పేరు ఈ కథలో మళ్ళీ ఒకసారి వస్తుంది. గుర్తుంచుకోండి.

జిల్లా రాని కలెక్టరు కచేరీ

హిజ్లీ అనే పేరు అసలు ఈ ఎర్రనేలది కాదు. సముద్రతీరాన, రసూల్‌పూర్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న పాత రేవు పేరది. ఉప్పు పండించే ప్రాంతం. కలకత్తాలో ఆంగ్లేయుల స్థావరానికి పునాది వేసిన జాబ్ చార్నాక్, అంతకు మూడేళ్ళ ముందు 1687లో ఈ హిజ్లీలోనే మొగలు సైన్యాలతో పోరాడాడు. శత్రువుల కన్నా జ్వరాలే అతని సైనికుల్ని ఎక్కువగా పొట్టనబెట్టుకున్నాయి.

మరి తీరంలోని పేరు లోపలి ఊరికి ఎలా వచ్చింది? మిడ్నపూర్ చాలా పెద్ద జిల్లా. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని రెండుగా చీల్చి, 'హిజ్లీ' పేరుతో కొత్త జిల్లా ఏర్పాటు చేయాలనుకుంది. రైలు సౌకర్యం ఉన్నందున ఖరగ్‌పూర్ పక్కన జిల్లా కేంద్రం కోసం స్థలం ఎంచుకుని, కలెక్టరు కచేరీ కోసం భవనం కట్టించింది. జిల్లా విభజనను స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు. ప్రతిపాదన మూలనపడింది. జిల్లా రాలేదు, భవనం మాత్రం మిగిలిపోయింది. ఆ విభజన చివరికి జరిగింది 2002 జనవరి 1న, మిడ్నపూర్ జిల్లా పూర్బ, పశ్చిమ మేదినీపూర్ జిల్లాలుగా విడిపోయినప్పుడు. అప్పుడు కూడా ఖరగ్‌పూర్‌కు జిల్లా కేంద్రమయ్యే యోగం పట్టలేదు!

శిక్ష లేని ఖైదు

1930 ఏప్రిల్ 18న చిట్టగాంగ్‌లో సూర్యసేన్ నాయకత్వాన విప్లవకారులు ఆయుధాగారాలపై దాడి చేశారు. అదే నెలలో ఉప్పు సత్యాగ్రహమూ దేశమంతటా ఊపందుకుంది. బెంగాలు ప్రభుత్వం కంగారుపడి, అనుమానం కలిగినవారినల్లా విచారణ లేకుండా నిర్బంధించే అధికారాన్ని చట్టం ద్వారా చేతికి తీసుకుంది. కొద్దికాలంలోనే పట్టుబడినవారితో జైళ్ళు కిక్కిరిశాయి. అప్పుడు ఖాళీగా ఉన్న హిజ్లీ భవనం అధికారుల కంటబడింది. రైలుకు దగ్గర, కలకత్తాకు దూరం, చుట్టూ బయలు. ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? 1930లో అది హిజ్లీ నిర్బంధ శిబిరంగా మారింది. ఆ పక్కనే స్త్రీ ఖైదీలకూ ఏర్పాటు చేశారు.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. జైలుకూ నిర్బంధ శిబిరానికీ తేడా ఉంది. దొంగతనం చేసినవాడికి కూడా కోర్టు ఉంటుంది, వకీలు ఉంటాడు, తీర్పు ఉంటుంది. ఎన్నాళ్ళు శిక్షో తెలుస్తుంది. డెటిన్యూకు ఇవేవీ ఉండవు. తనపై నేరారోపణ ఏమిటో కోర్టులో తేలదు. ఏ రోజు విడుదలవుతాడో తెలియదు. గోడమీద గీతలు గీసి రోజులు లెక్కపెట్టుకుందామన్నా ఎన్నింటి నుంచి తీసివేయాలో తెలియని లెక్క అది. హిజ్లీలో ఉన్నవారిలో ఎక్కువమంది చదువుకున్న యువకులు.

1931 సెప్టెంబరు 16

ఆ రాత్రి శిబిరంలోని కాపలా సిపాయిలు ఆయుధాలు లేని డెటిన్యూలపై కాల్పులు జరిపారు. ఇద్దరు యువకులు ప్రాణాలు కోల్పోయారు. ఒకరు కలకత్తాకు చెందిన సంతోష్ కుమార్ మిత్ర. రెండోవారు తూర్పు బెంగాలులోని బరిసాల్ ప్రాంతానికి చెందిన తారకేశ్వర్ సేన్‌గుప్త. మరికొందరు గాయపడ్డారు.

వార్త తెలియగానే సుభాష్ చంద్ర బోసు ఖరగ్‌పూర్‌కు బయలుదేరి వచ్చారు. మృతదేహాలను కలకత్తాకు తీసుకువెళ్ళారు. ఆ అంతిమయాత్రకు జనం పోటెత్తారు.

మొదట ప్రభుత్వం చెప్పిన కథ వేరు. ఖైదీలే కాపలావాళ్ళ మీద పడ్డారని, ఆత్మరక్షణ కోసమే సిపాయిలు కాల్చవలసి వచ్చిందని ప్రకటన వెలువడింది. లోపల ఉన్నవారు మాత్రం దాడి ఏదీ జరగలేదని, గదులవైపు విచక్షణ లేకుండా కాల్చారని చెప్పారు. రెండు కథనాలు ఎదురెదురుగా నిలబడినప్పుడు ఏది నిజమో తేల్చడం ఎలా? విజ్ఞాన శాస్త్రంలోనూ, చరిత్రలోనూ, న్యాయస్థానంలోనూ సమాధానం ఒక్కటే: సాక్ష్యం. ప్రజల ఒత్తిడికి ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించక తప్పలేదు. అది సర్కారు నియమించిన సంఘమే. అయినా విచక్షణ లేకుండా జరిపిన ఆ కాల్పులకు సమర్థన లేదని అది తేల్చింది. ఏ కోర్టు తీర్పూ లేకుండా నిర్బంధించిన మనుషుల విషయంలో, వాళ్ళను కాల్చిన తరవాత మాత్రమే, మొదటిసారిగా ఒక విచారణ జరిగింది!

ఆ కాల్పుల నెత్తుటి మరక అంతటితో ఆగలేదు. 1932 ఏప్రిల్ 30న మిడ్నపూర్ జిల్లా మేజిస్ట్రేటు రాబర్ట్ డగ్లస్‌ను విప్లవకారులు కాల్చిచంపారు. ఆ కేసులో ప్రద్యోత్ కుమార్ భట్టాచార్య అనే యువకుణ్ణి 1933 జనవరిలో ఉరితీశారు. హిజ్లీకి బదులు తీర్చుకోవడమే ఆ హత్య వెనక ఉన్న ఉద్దేశం. ఒక అన్యాయాన్ని చట్టం సకాలంలో సరిదిద్దకపోతే ఎన్ని ప్రాణాలు దాని వెంట పోతాయో ఈ వరస చెబుతుంది.

మహానగరం నడిబొడ్డున ఒక స్తంభం

ఇప్పుడు మనం 115 కిలోమీటర్ల దూరంలోని కలకత్తా వెళ్ళాలి. ఎందుకంటే హిజ్లీ కథలో అక్కడి కట్టడానికి కూడా పాత్ర ఉంది. కలకత్తాలో ఎస్ప్లనేడ్ బస్టాండు దగ్గర దిగిన ఎవరికైనా మైదానం అంచున తెల్లగా, పొడవుగా నిలిచిన ఒక స్తంభం కనబడుతుంది. ఎత్తు సుమారు 48 మీటర్లు. చుట్టూ బస్సుల హోరు, తోపుడుబళ్ళ కేకలు, సభలకు కట్టిన జెండాలు. ఈస్టిండియా కంపెనీ సేనాని డేవిడ్ ఆక్టర్లోనీ స్మారకంగా 1828లో దాన్ని నిర్మించారు. 1804లో మరాఠాల ముట్టడి నుంచి ఢిల్లీని కాపాడినందుకు, 1814-16 నేపాల్ యుద్ధంలో గెలిచినందుకు ఆయనకు ఆ గౌరవం. దాని పీఠం ఈజిప్టు తరహాలో, స్తంభం సిరియా తరహాలో, పైనున్న గుమ్మటం తురుష్క తరహాలో ఉంటాయి. జనం మాత్రం దాన్ని 'మాన్యుమెంట్' అని ఒక్కమాటలో పిలిచేవారు.

1931 సెప్టెంబరు 26న హిజ్లీ కాల్పులకు నిరసనగా కలకత్తా టౌన్‌హాలులో సభ తలపెట్టారు. హాలు పట్టనంతగా జనం వచ్చేశారు. దాంతో సభను ఈ మాన్యుమెంట్ కిందికి మార్చారు. అధ్యక్షత వహించింది రవీంద్రనాథ్ ఠాగూరు. అప్పటికి ఆయనకు 70 ఏళ్ళు. ఆరోగ్యం బాగాలేదు. రాజకీయ వేదికలకు దూరంగా ఉంటున్న రోజులవి. అయినా ఆయన వచ్చి, నిరాయుధులపై జరిగిన కాల్పులను తీవ్రంగా ఖండించారు. ఈ స్తంభం కింద జరిగిన మొదటి రాజకీయ సభ ఇదేనని చెబుతారు. కంపెనీ సేనాని విజయాల కోసం కట్టిన స్తంభం నీడలో, కంపెనీ వారసుల తుపాకులకు బలైన ఇద్దరు యువకుల కోసం జనం నిలబడ్డారు. ఆ తరవాత కలకత్తాలో ఎన్నెన్నో సభలకు ఆ చోటే వేదిక అయింది.

1969 ఆగస్టులో ఆ స్తంభాన్ని స్వాతంత్ర్య పోరాట అమరులకు అంకితం చేసి 'షహీద్ మినార్' అని పేరు మార్చారు. అదే నెలలో ఖరగ్‌పూర్ కార్మిక నాయకుడు వి.వి.గిరి గారు భారత రాష్ట్రపతి అయ్యారు. రెండింటికీ సంబంధం లేదు, యాదృచ్ఛికమే. అయినా ఒక తరం తిరగకముందే కాలం ఎంత మారిందో చూడండి!

బాంబర్ల నీడలో

మళ్ళీ హిజ్లీకి వద్దాం. 1937లో శిబిరం మూసేశారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలవడంతో 1940లో మళ్ళీ తెరిచారు. 1942లో డెటిన్యూలను వేరే చోట్లకు తరలించి శాశ్వతంగా మూసివేశారు. ఆ సంవత్సరం అక్టోబరులో మిడ్నపూర్ తీరాన్ని భయంకరమైన తుపాను ముంచేసింది. మరుసటి ఏడే బెంగాలు కరువు. తిండిలేక జనం రాలిపోతున్న ఆ జిల్లాలోనే ఒక బ్రహ్మాండమైన యుద్ధ యంత్రాంగం వచ్చి దిగింది.

1944లో అమెరికా వైమానిక దళానికి చెందిన 20వ బాంబర్ కమాండ్ తన ప్రధాన కార్యాలయాన్ని హిజ్లీ భవనంలో పెట్టింది. ఖరగ్‌పూర్, చాకులియా, పియార్‌డోబా, దూధ్‌కుండీ వంటి చోట్ల వేలాది స్థానిక కూలీలు పొడవైన రన్‌వేలు సిద్ధం చేశారు. అక్కడ దిగినవి బి-29 విమానాలు. ఒక రెక్క కొస నుంచి మరో కొసకు 43 మీటర్లు. నాలుగు ఇంజన్లు, ఒక్కొక్కటి 2,200 అశ్వశక్తి. బాగా ఎత్తులో ఎగిరినా సిబ్బందికి ఊపిరాడేలా లోపలి గాలిపీడనాన్ని నిలిపి ఉంచే ఏర్పాటు ఉన్న బాంబర్లివి.

అంతటి యంత్రాలకూ బెంగాలు వేసవి చుక్కలు చూపించింది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. పలచని గాలిలో రెక్కలకు పైకి లేపే బలం తగ్గుతుంది. అందువల్ల పైకి లేవడానికి విమానం మరింత వేగం అందుకోవాలి. మరోవైపు గాలితోనే చల్లబడవలసిన ఇంజన్లకు ఆ వేడిగాలి సరిగా చల్లదనం ఇవ్వలేదు. ఇంజన్లు వేడెక్కి మంటలు రేగేవి. యుద్ధంలో బి-29ల మొట్టమొదటి దాడి 1944 జూన్ 5న ఇక్కడినుంచే జరిగింది. 98 విమానాలు లేచాయి. లక్ష్యం బ్యాంకాక్‌లోని మక్కాసన్ రైల్వే యార్డు, వర్క్‌షాపులు. రైల్వే ఊరి పక్కనుంచి లేచిన విమానాలు మరో రైల్వే ఊరిమీద బాంబులు వేశాయన్నమాట. పది రోజుల తరవాత అవే విమానాలు చైనాలోని చెంగ్డూ మీదుగా వెళ్ళి జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారంపై దాడి చేశాయి. హిమాలయాల మీదుగా పెట్రోలు మోసుకుపోయి చైనాలో నిలవచేయడానికే విమానాలు ఎన్నోసార్లు తిరగవలసి వచ్చేది. ఇంత ఖర్చు, ఇంత శ్రమ గిట్టుబాటు కాలేదు. 1945లో ఆ దళం పసిఫిక్ దీవులకు తరలిపోయింది. భవనం మళ్ళీ ఖాళీ అయింది.

అవే గదుల్లో తరగతులు

యుద్ధం ముగుస్తున్న రోజుల్లోనే, స్వాతంత్ర్యం వస్తే దేశాన్ని నిర్మించే ఇంజనీర్లు ఎక్కడినుంచి వస్తారన్న ప్రశ్న తలెత్తింది. నళినీరంజన్ సర్కార్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం, దేశం నాలుగు దిక్కులా నాలుగు ఉన్నత సాంకేతిక విద్యాసంస్థలు ఉండాలని 1946లో సిఫారసు చేసింది. తూర్పున పెట్టవలసినదాని కోసం బి.సి.రాయ్ ముఖ్యమంత్రిగా ఉన్న పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం హిజ్లీలోని భవనాన్నీ, స్థలాన్నీ ఇచ్చింది.

1950 మేలో సంస్థ కార్యాలయం కలకత్తాలో 5, ఎస్ప్లనేడ్ ఈస్ట్ చిరునామాలో మొదలైంది. మనం ఇంతకుముందు చూసిన మాన్యుమెంట్‌కు అది కూతవేటు దూరం. అదే ఏడు సెప్టెంబరులో కార్యాలయం హిజ్లీకి మారింది. 1931 సెప్టెంబరులో హిజ్లీ ఆవేదన మాన్యుమెంట్ దాకా నడిచింది. 1950 సెప్టెంబరులో మాన్యుమెంట్ పక్కనుంచి ఒక ఆశ హిజ్లీకి నడిచి వచ్చింది. మధ్య దూరం సరిగ్గా 19 ఏళ్ళు.

మొదటి డైరెక్టరు జ్ఞానచంద్ర ఘోష్ పేరుపొందిన రసాయన శాస్త్రవేత్త. సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహాలకు సహాధ్యాయి. ఉప్పులాంటి పదార్థాలు నీటిలో కరిగినప్పుడు వాటి అయాన్లు ఎలా ప్రవర్తిస్తాయో వివరించే సిద్ధాంతంతో 1918 ప్రాంతంలోనే పేరు తెచ్చుకున్నారు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా పనిచేసిన అనుభవం ఆయనకుంది. అంతటి మనిషి ఒక పాత చెరసాలను విద్యాలయంగా మార్చే పనికి పూనుకున్నారు.

1951 ఆగస్టులో తొలి తరగతులు మొదలయ్యాయి. విద్యార్థులు 224 మంది, అధ్యాపకులు 42 మంది. తరగతి గదులు, ప్రయోగశాలలు, కార్యాలయాలు అన్నీ ఆ పాత భవనంలోనే. ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ లాంఛనంగా ప్రారంభించారు. ఆజాద్ గారూ బ్రిటిష్ వారి నిర్బంధంలో ఏళ్ళ తరబడి గడిపినవారే. 1952 మార్చి 3న నెహ్రూ కొత్త ప్రధాన భవనానికి శంకుస్థాపన చేశారు. 1956 ఏప్రిల్ 21న మొదటి స్నాతకోత్సవానికి వచ్చి, నిర్బంధ శిబిరం ఉన్నచోటే భారతదేశపు భవిష్యత్తు రూపుదిద్దుకుంటున్నదని, దేశంలో వస్తున్న మార్పుకు ఇదొక గుర్తని ఆయన అన్నారు. అదే ఏడు పార్లమెంటు చట్టం ఈ సంస్థకు జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపునిచ్చింది.

ఆ మొదటి 224 మంది కుర్రాళ్ళను ఒక్కసారి ఊహించుకోండి. వాళ్ళలో చాలామంది పుట్టేనాటికి అవే గదుల్లో వాళ్ళ వయసువాళ్ళే బందీలుగా ఉన్నారు. లోపలున్న డెటిన్యూకు తాను ఎప్పుడు బయటికి పోతాడో తెలియదు. విద్యార్థికి మాత్రం పరీక్ష తేదీతో సహా అన్నీ తెలుసు. అదే గోడ, అదే కిటికీ. మారింది లోపల ఉన్న మనిషికి తన రేపటిమీద ఉన్న హక్కు.

మనం చూడవలసింది

కొత్త ప్రధాన భవనం వచ్చాక పాత భవనానికి హిజ్లీ షహీద్ భవన్ అనే పేరు వచ్చింది. 1990లో అందులో నెహ్రూ సైన్స్, టెక్నాలజీ మ్యూజియం ఏర్పాటయింది. పిల్లలు బడి బస్సుల్లో వచ్చి యంత్రాల నమూనాలు చూసి వెళుతుంటారు. కలకత్తాలో ఒక కూడలి తోటకు సంతోష్ మిత్ర పేరే ఉంది. దసరా రోజుల్లో అక్కడి దుర్గాపూజ పందిరి చూడటానికి లక్షలమంది వస్తారు. ఆ పేరు ఎవరిదో వాళ్ళలో ఎందరికి తెలుసు?

ఖాళీ అయిన ప్రతిసారీ ఆ భవనాన్ని కూల్చేసి ఉండవచ్చు. బ్రిటిష్ చెరసాల మనకెందుకని స్వతంత్ర భారతం నేలమట్టం చేసి ఉన్నా ఎవరూ తప్పుబట్టేవారు కాదు. అప్పుడు సెప్టెంబరు 16 కేవలం కాగితం మీద తేదీగా మిగిలేది. కాగితాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు రాయవచ్చు. మొదటి సర్కారు ప్రకటన అలాగే రాశారు కదా! గోడ ఉంటే అలా కుదరదు. వరండా ఇంత వెడల్పు, గది ఇంత దూరం అని ఎవరైనా వెళ్ళి కొలిచి చూసుకోవచ్చు. పురాతన కట్టడాలను కాపాడుకోవడం అందానికో, పర్యాటకానికో మాత్రమే కాదు. అవి చరిత్రకు ప్రయోగశాలల వంటివి.

ఈసారి మీరు హౌరా రైలెక్కినప్పుడు, ఖరగ్‌పూర్ ఇంకా రాకముందే కిటికీ దగ్గర కూర్చోండి. హిజ్లీ అని రాసిన పసుపు బోర్డు కనబడితే మీ పిల్లలకు చూపించండి. వీలుంటే ఒక పూట దిగి, ఆ బురుజు కింద కాసేపు నిలబడండి. మ్యూజియంలో యంత్రాలను చూశాక గోడలను కూడా చూడటం మరవకండి. ఆ యంత్రాలు ఎలా పనిచేస్తాయో అడగడానికీ, ఆ గోడల మధ్య ఏం జరిగిందో అడగడానికీ కావలసింది ఒకే గుణం. ఎవరో చెప్పారని నమ్మేయకుండా సాక్ష్యం ఏదని ప్రశ్నించడమే ఆ గుణం.